బయట ఎప్పుడు కూసున్నవ్?

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్లకు కనీసం ఒక పెన్షనైనా ఉండాలి. నాకు లేదు. మూడేళ్లు చేసి మానేసిన ఉద్యోగం నాది. మానేసింది కూడా దండలు వేయించుకుని కాదు. పై ఆఫీసులో ఒకాయనతో ఫోన్‌లో గొడవపడి, "మీ ఉద్యోగం మీరే చేసుకోండి" అని కట్ చేశాను. మొన్న ఒక చెల్లెలు ఫోన్ చేసి, అదే పనిలో కొత్తగా చేరుతున్నానని, ఏమైనా చెప్పమని అడిగింది. అరగంట మాట్లాడాను. పెట్టేశాక చూస్తే, చెప్పాల్సింది ఒక్కటీ చెప్పలేదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. రాయడమంటే ఫోన్‌లో రెండు బొటనవేళ్లతోనే. తప్పులుంటే కీబోర్డును తిట్టుకోండి.

మాది సూర్యాపేటలో ఒక చిన్న సంస్థ. మిర్యాలగూడ రైస్ మిల్లులకు, కోదాడ చుట్టుపక్కల ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి, బీహార్ నుంచి కుటుంబాలు పనికొస్తాయి. ఆ పిల్లలకు తెలుగు నేర్పి బడిలో కూర్చోబెట్టాలి. వీలైతే తల్లిదండ్రులకూ నాలుగు మాటలు నేర్పాలి. నేను హైదరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. గరిడేపల్లి ఎటువైపు ఉందో మ్యాప్ చూసి తెలుసుకున్నాను. నా దగ్గర ఉన్నవి ఒక డిగ్రీ, హైదరాబాద్ హిందీ, ఒక ఫోను, అందులో ఒక అనువాదం యాప్. ఒడియా ఒక్క ముక్క రాదు. యాప్ ఉందిగా అనుకున్నాను.

మా కోఆర్డినేటర్ తిరుమలగిరి ఆయన. బడిలో తెలుగు చెప్పి రిటైరై, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ పనిలోకి వచ్చాడు. నేను చేరిన మొదటి వారమే అన్నాడు:

"బిడ్డా, ఆ ఫోన్ జర సంచిల వెట్టు. పిల్లలు నీ మొకం సూసి నేర్చుకుంటరు. నువ్వేమో ఫోన్ మొకం సూస్తున్నవ్."

"అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి సార్."

"ఉంటయ్, ఎందుకుండయ్? డిక్షనరీల సుత అన్ని ఉన్నయ్. దాన్ని ముంగట వెట్టుకొని ఏ పిల్లగాడన్న అమ్మను పిలిచిండా?"

నాకు కోపం వచ్చింది. నాకు కోపం రావడానికి పెద్ద కారణం అక్కర్లేదని ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక అసలు సంగతి. మిర్యాలగూడలో ఒక మిల్లు వెనక రేకుల గదుల్లో ఒక ఒడిశా కుటుంబం ఉండేది. తండ్రి బస్తాలు మోసేవాడు. తల్లికి ముప్పై దాటి ఉంటాయి. ఉడికించిన వడ్లను కళ్లంలో ఆరబోయడం, తిరగదిప్పడం, ఊడ్చడం ఆమె పని. పదకొండేళ్లు నిండని కూతురు. ఆ పిల్లను బడిలో చేర్చింది నేనే.

చేర్చాక ఆ పిల్ల నోరు తెరవలేదు. వారాలు గడిచాయి. నేను బొమ్మల కార్డులు చూపించేదాన్ని, యాప్‌తో పలికించేదాన్ని. "ఏనుగు" అని ఫోన్ అరిచేది. పిల్ల ఫోన్‌ను చూసేది, నన్ను చూసేది, తలదించుకునేది. ఒకరోజు ఓపిక చచ్చిపోయి సార్‌కు ఫోన్ చేసి, ఈ పిల్లకు రాదు సార్, వేరేవాళ్లను చూసుకుందాం అన్నాను.

"ఇంటున్నదా?"

"వింటుంది."

"ఇననియ్యి మరి. నీకేం తొందర?"

తర్వాత కొన్నాళ్లకు ఇంటర్వెల్‌లో ఆడపిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు. గీత తొక్కావని ఒక పిల్ల వేలు చూపించింది. ఈ పిల్ల ఒంటికాలి మీదే ఆగి, నడుం మీద చెయ్యి పెట్టి గట్టిగా అరిచింది.

"తొక్కలే! నేనేడ తొక్కిన? నీ కండ్లు పోయినయా?"

అదీ ఆమె నోట నేను విన్న మొదటి తెలుగు. నా కార్డుల్లో ఎక్కడా లేదు. అన్ని రోజులూ లోపల పోగేసుకున్నదంతా ఆ ఒక్క గొడవతో బయటపడింది. ఇక ఆగలేదు. రెండు నెలలు తిరిగేసరికి అచ్చం మిర్యాలగూడ పిల్లలా "ఉంటది, పోత, ఏందే" అనేది. కోదాడ బట్టీల దగ్గర పిల్లలు "ఉంటుంది, వెళ్తా, ఏంటే" అనేవాళ్లు. పిల్లలు ఏ నీళ్లు తాగితే ఆ తెలుగే మాట్లాడతారు. నా యాప్ మాట్లాడే తెలుగు మాత్రం ఏ ఊళ్లోనూ వినపడలేదు.

తల్లి సంగతి వేరు. పెద్దవాళ్లకు మధ్యాహ్నం అన్నాల వేళ మిల్లు వసారాలో క్లాసు పెట్టేదాన్ని. రంగులు, అంకెలు, వారాలు. ఆమె వచ్చేది. పలకమంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పలికేది. ఎవరైనా నవ్వుతారని భయం. పిల్ల తప్పు మాట్లాడితే ఎదురుగా ఉన్న పిల్ల సరిచేసి ఆట సాగిస్తుంది. పెద్దామె తప్పు మాట్లాడితే పక్కనున్నవాళ్లు నాలుగు రోజులు చెప్పుకుంటారు. నెలలు గడిచినా ఆమెకు పసుపుపచ్చ ఏదో, ఆకుపచ్చ ఏదో తేలలేదు.

అయితే కొన్ని మాటలు మాత్రం గట్టిగా వచ్చు. నేను వెళ్లగానే "కూసో!" అనేది. "నీళ్లు తాగు!" అనేది. సాయంత్రమైతే "పో, జల్ది పో, బస్సు!" అనేది. మొదట్లో ఒళ్లు మండింది. ఈమె నాకు ఆర్డర్లు వేస్తుందేంటి అనుకున్నాను. ఒకరోజు బస్సు తప్పిపోయి, కళ్లం పక్కన కాసేపు నిలబడ్డాను. ఆమెకు రోజంతా వినపడే తెలుగు ఏమిటో అప్పుడు విన్నాను. ఎత్తు. దించు. ఊడ్వు. జరుగు. జల్ది. ఒక్కరైనా ఆమెను ఒక ప్రశ్న అడగలేదు. ఎవరూ ఏమీ అడగని మనిషికి జవాబు చెప్పే అవసరం ఎందుకొస్తుంది? ఆమె నేర్చుకున్న తెలుగులో "నేను" అనే మాటకు చోటే లేదు.

అందుకని ఇంటి గొంతు ఆ పిల్లే అయింది. కిరాణా కొట్టు, రీచార్జి, బడి, మిల్లు సూపర్‌వైజరు, అన్నిచోట్లా పిల్లే మాట్లాడేది. మిల్లులో అందరూ "కలెక్టరమ్మ" అని పిలిచేవాళ్లు. "ఏమే కలెక్టరమ్మా, మీ అమ్మకు చెప్పు, రేపు పొద్దుగాలనే రావాలె" అంటే, పిల్ల తల ఎగరేసి, తల్లి వైపు తిరిగి ఒడియాలో చెప్పేది. ఆ నడకే మారిపోయింది.

తర్వాత ఒకరోజు తల్లి కళ్లంలో కళ్లు తిరిగి పడిపోయింది. అప్పటికే పాలిపోయి ఉందని అందరం చూస్తూనే ఉన్నాం. ఎండకేమో అనుకున్నాం. మర్నాడు పిల్లను తోడు తీసుకుని టౌన్‌లో ఒక క్లినిక్‌కు వెళ్లింది. నేను కోదాడలో ఉన్నాను. సాయంత్రం పిల్లే, తండ్రి ఫోన్ నుంచి నాకు చేసింది.

"అక్కా, అంత నేనే చెప్పిన! గోలీలిచ్చిన్రు!"

నాకు గర్వంగా అనిపించింది. మా ఆఫీసు గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వరసగా వచ్చాయి. సార్ ఒక్కడే ఇలా రాశాడు: "తల్లి రోగం పిల్లతోని చెప్పిచ్చుడేంది?" వెంటనే ఫోన్ చేసి ఆయనతో వాదన పెట్టుకున్నాను. పిల్లకు అంత బాగా తెలుగు వచ్చాక మీరు మెచ్చుకోరేంటి సార్ అన్నాను. "వచ్చింది బిడ్డా, కాదంటలేను" అని ఊరుకున్నాడు.

గోలీలతో ఏమీ తగ్గలేదు. వారం తర్వాత, మధ్యాహ్నం క్లాసులో, రోజూ మాడుగులపల్లి నుంచి మిల్లు పనికి వచ్చి ఆ వసారాలోనే అన్నం తినే ఒకావిడ ఒంటరిగా కనిపించింది. ఎప్పుడూ తోడికోడలితో కలిసి వస్తుంది.

"మీ తోడికోడలు రాలేదా?" అన్నాను.

"అది బయట కూసున్నది మేడం. కడుపునొప్పని పండుకున్నది."

ఒడిశా తల్లి మెడ తిప్పి వసారా బయటికి చూసింది. నేనూ చూశాను. లారీలు తప్ప ఎవరూ లేరు. ఆడవాళ్లంతా ఒక్కసారి ఘొల్లుమన్నారు.

"ఓ మేడం! గా బయట కాదు!"

"ఏందే, మేడంకు సుత తెల్వదా? హైదరాబాదుల ఎవ్వలు బయట కూసోరా?"

"హైదరాబాద్‌లో పీరియడ్స్ అంటారు" అన్నాను, ముఖం ఎర్రబడి.

"గదే గదే. మీరు ఇంగ్లీషుల కూసుంటరు, మేము బయట కూసుంటం." మళ్లీ నవ్వులు.

నేను తల్లి వైపు వంగి హిందీలో చిన్నగా చెప్పాను, బయట కూర్చోవడమంటే నెలసరి అని. ఆమెకు హిందీ కొద్దికొద్దిగా అర్థమవుతుంది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. అన్నం గిన్నె కింద పెట్టింది. సగం హిందీలో, సగం తెలుగులో, ముక్కలు ముక్కలుగా చెప్పింది.

క్లినిక్‌లో వివరాలు రాసుకునే ఆవిడ మొదటగా అడిగింది అదేనట: "బయట ఎప్పుడు కూసున్నవ్?" పిల్ల దాన్ని ఉన్నదున్నట్టు ఒడియాలోకి మార్చింది. బయట ఎప్పటి నుంచి కూర్చున్నావని. వాళ్లిద్దరూ ఆ రోజు పెందలాడే వచ్చి క్లినిక్ మెట్ల మీద కూర్చున్నారు. తల్లి అదే చెప్పింది. పిల్ల తిరిగి తెలుగులో చెప్పింది: "పొద్దుగాల్నుంచే."

అంటే నెలసరి ఆ పొద్దున్నే మొదలైందని రాసుకున్నారు. మొదటి రోజు కడుపునొప్పికి ఇచ్చే గోలీలే ఇచ్చారు. అడిగినవాళ్లు సరిగ్గా అడిగారు. చెప్పినవాళ్లు నిజమే చెప్పారు.

"మరి ఎప్పటి నుంచి?" అన్నాను.

ఆమె తల వంచుకుంది. నెల దాటింది. ఆగడం లేదు. రోజురోజుకీ ఎక్కువవుతోంది.

"మరి అక్కడ చెప్పలేదెందుకు?" నా గొంతు పెరిగింది.

"ఎట్ల చెప్త?" అంది. "బిడ్డ ఉంది."

కూతురితో ఆమె చెప్పింది కడుపునొప్పి, కళ్లు తిరగడం, అంతే. మిగతాది పిల్ల చెవిన వేయలేదు. పిల్ల చెవిన వేయనిది డాక్టరు చెవిన పడే దారి లేదు.

చెల్లీ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగు. నేను ఫోన్‌లో నీకు చెప్పలేకపోయింది ఇదే. ఆ పిల్ల తెలుగులో తప్పు లేదు. ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట కలపకుండా అటుది ఇటు, ఇటుది అటు చేర్చింది. కానీ పెద్దవాళ్లు మాటల వెనక దాచుకునేవి కొన్ని ఉంటాయి. అవి ఎంత బాగా మాట్లాడినా రావు, వయసొస్తేనే వస్తాయి. తల్లికి ఆ వయసు ఉంది, మాటలు లేవు. పిల్లకు మాటలున్నాయి, ఆ వయసు లేదు. ఇద్దరి మధ్య నుంచి రోగం జారిపోయింది. నా ట్రైనింగులో ఈ పాఠం లేదు.

నేను అప్పటికే ఆటోకు ఫోన్ కలిపేశాను. "లే, ఇప్పుడే పోదాం. నేనొస్తా, నేను మాట్లాడతా."

"నువ్వు ఆగు" అంది.

అదే ఆర్డరు గొంతు. "నేను చెప్పు" అంది. నేనే చెప్తాను అని ఆమె ఉద్దేశం.

"నీకు తెలుగు రాదు కదా!"

అప్పుడు హిందీలో అంది. రేపు నువ్వు కోదాడ పోతావు. తర్వాత మళ్లీ దవాఖానకు పోవాలి, మళ్లీ అడుగుతారు. ప్రతిసారీ ఎవరు చెప్తారు? మగాయన ఈ మాటకు రాడు. అప్పుడు నా బిడ్డే చెప్పాలి. ఆ మాట నా బిడ్డ నోటి నుంచి రావద్దు. ఇంకా చిన్నది. నాకు నేర్పు.

సరేనని ఫోన్ తీశాను. హిందీలో టైపు చేసి నొక్కాను. ఫోన్ గంభీరంగా పలికింది: "నాకు అధిక ఋతుస్రావము జరుగుచున్నది."

మాడుగులపల్లి ఆవిడకు పొలమారింది. "అదేం మాట తల్లీ! వార్తలు సదివినట్టున్నది. గది ఇంటే డాక్టరమ్మ లేసి నిలవడ్తది."

"మరి మీరేమంటారు?"

"ఎర్రబట్ట అయితుంది అను. అందరికి తెలుస్తది."

తల్లి తన చీర అంచు పట్టుకుని చూసింది. ఎర్ర బట్టా?

"అయ్యో, గీ బట్ట కాదే!" మళ్లీ నవ్వులు. ఈసారి ఆమె కూడా నవ్వింది. అరగంట అందరూ ఆమె చుట్టూ చేరారు. ఒకరు "ఆగుతలేదు" నేర్పితే, ఇంకొకరు "కండ్లు తిరుగుతున్నయ్" నేర్పారు. ఎర్రబట్ట ఆమె నోట్లో "ఎర బట" అయింది. ఎంత సాగదీసినా ఒత్తు పలకలేదు. వదిలేశాం. భోజనాల గంట అయిపోయాక చీపురు పట్టుకుని ఊడుస్తూ కూడా అదే గొణుక్కుంది. రంగులు రాని మనిషికి ఇవి సాయంత్రానికి వచ్చేశాయి. అవసరం ఉంటే వస్తుందని అంటారు. అవసరం ఆమెకు నెల నుంచీ ఉంది. ఆమెకు లేనిదల్లా, ఇది నాది అని చెప్పుకునే ఒక్క వాక్యం. ఇంకొకటి కూడా గమనించాను. ఆరోజు ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు.

మర్నాడు సూర్యాపేటలో సార్‌కు తెలిసిన ఒక డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాం. పిల్ల బడి మానేసి బస్సెక్కింది. "నేను లేకుంటే మా అమ్మకు ఏం తెల్వదక్కా" అని.

మా వంతు రాగానే మొదట లేచింది పిల్లే. తల్లి ఆమె భుజం పట్టి బెంచీ మీద కూర్చోబెట్టింది.

"నువ్వు ఈడ ఉండు."

పిల్ల ఒడియాలో గొడవ మొదలుపెట్టింది. చేతులు ఊపుతూ, నన్ను చూపిస్తూ. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను నా ఫోన్ అన్‌లాక్ చేసి పిల్ల చేతిలో పెట్టి, ఆట ఒకటి తెరిచి ఇచ్చాను. లోపలికి వట్టి చేతులతో వెళ్లాను.

డాక్టరమ్మ తల ఎత్తకుండా నన్ను అడిగింది: "ఏమైందమ్మా ఈమెకు?"

నేను నోరు తెరిచేలోపే తల్లి అంది, "నన్ను అడుగు."

డాక్టరమ్మ తల ఎత్తింది.

"ఇను. నేను చెప్పు. నువ్వు రాయి."

పక్కనున్న ఆయా బుగ్గ నొక్కుకుంది. "ఓ అమ్మా! డాక్టరమ్మతోని గట్లనా మాట్లాడుడు?"

నాకు కోపం నెత్తికెక్కింది. ఆయాకు ఏదో అనబోయాను. కానీ తల్లి ఆగలేదు. ఆగితే మరిచిపోతానన్నట్టు, కళ్లు టేబులు మీదే పెట్టి వరసగా చెప్పుకుపోయింది.

"ఎర బట అయితుంది. నెల దాటింది. ఆగుతలేదు. కండ్లు తిరుగుతున్నయ్. పడ్డ. మొన్న చెప్పింది తప్పు. బయట కూసున్న అన్న. అది మెట్లు. ఇది బయట వేరే."

"మెట్లేంటి?" అంది డాక్టరమ్మ నా వైపు చూసి. చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. కుర్చీ ముందుకు జరుపుకుంది. ఆ తర్వాత నన్ను ఒక్కటీ అడగలేదు. నెమ్మదిగా, ఒక్కో మాటే తల్లినే అడిగింది.

"గడ్డలు పడుతున్నాయా?"

గడ్డలు అనే మాట ఆమెకు నేర్పాలని మాకు తట్టలేదు. తల్లి ఒక్క క్షణం వెతుక్కుంది. నా వైపు చూడలేదు. పిడికిలి బిగించి డాక్టరమ్మకు చూపించి, "ఇట్లనా?" అంది.

"అవును, అట్లనే."

"పడ్తది. శానా."

కనురెప్ప కిందికి లాగి చూసి డాక్టరమ్మ నాలుక చప్పరించింది. రక్తపరీక్ష, స్కానింగ్ అయ్యాక చెప్పింది: ఒంట్లో రక్తం సగం కూడా లేదు, ఇవాళే చేర్చాలి, ఎక్కించాలి. గర్భసంచిలో గడ్డ ఉంది, ముందు మందులతో ఆపి చూద్దాం. "ఇంకొన్నాళ్లు అవే గోలీలు మింగుతూ ఉంటే..." అని వాక్యం పూర్తి చేయలేదు. ఆ సగం వాక్యం తల్లికి పూర్తిగా అర్థమైంది.

బయటికొచ్చేసరికి పిల్ల ఆట ఆపి తలుపు వైపే చూస్తోంది. దవాఖానలో ఉన్నన్ని రోజులూ నర్సు ఎవరొచ్చినా దుబాసీ పనికి లేచి నిలబడేది. తల్లి కూర్చోబెట్టేది. రెండోరోజు నన్ను వరండాలోకి లాక్కెళ్లింది.

"అక్కా, ఆ రోజు లోపట మా అమ్మ ఏం చెప్పింది?"

"అమ్మనే అడుగు."

"అడిగిన. 'నీకెందుకే' అన్నది." ఆ పిల్ల ముఖంలో అంత ఆశ్చర్యం నేనెప్పుడూ చూడలేదు. "తెలుగుల అన్నదక్కా! నాతోని!"

డిశ్చార్జి రోజు సార్ బస్టాండు దాకా వచ్చాడు. తల్లిని "ఇప్పుడెట్లున్నదమ్మా?" అని అడిగాడు. ఆమె "మంచిగున్న. నువ్వు పో, ఎండ" అంది. ఆయన బుద్ధిగా వెళ్లిపోయాడు. నేను ఆయన్ను అంత తొందరగా ఏ వాదనతోనూ పంపించలేకపోయాను.

మిర్యాలగూడ బస్సులో కండక్టరమ్మ వచ్చింది. నా ఆధార్ చూసి, తెలంగాణ ఆడవాళ్లకు ఉచితం కాబట్టి జీరో టికెట్ కొట్టింది. తల్లి కార్డు తిప్పి చూసి, "ఇది ఒడిశాది. నడ్వదమ్మా, టికెట్ తీసుకోవాలె" అంది. తల్లి ముఖం చూసి, ఈమెకు అర్థం కాలేదనుకుని, పిల్ల వైపు తిరిగింది. అందరూ అలాగే తిరిగేవాళ్లు.

"నీకెన్నేండ్లే? ఫుల్లా, హాఫా?"

పిల్ల నోరు తెరిచింది. తల్లి ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

"నాకు ఫుల్లు. ఈమెకు హాఫ్."

"హాఫా? సూస్తే పెద్దగనే ఉన్నది గద?"

"పెద్దగ లేదు" అంది తల్లి. "చిన్న పిల్ల."

కండక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసి టికెట్ కొట్టింది. పిల్ల మూతి ముడుచుకుని కిటికీ వైపు తిరిగింది. ఊరు దాటేదాకా అలిగే ఉంది. తర్వాత ఎప్పుడో నిద్రపోయింది, నోరు తెరుచుకుని, తల్లి ఒళ్లో.